గట్టి తీగా, మెత్తటి తీగా? టెన్నిస్ రాకెట్‌కు సరైన పాలియెస్టర్

టెన్నిస్ రాకెట్‌కు వేసే పాలియెస్టర్ తీగల్లో గట్టివీ ఉన్నాయి, మెత్తవీ ఉన్నాయి. చేత్తో పట్టుకుని చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. చాలాసార్లు ప్యాకెట్ మీద పేరు చివర ‘సాఫ్ట్’ అన్న మాట తప్ప ఇంకే గుర్తూ ఉండదు. అసలు తేడా బంతి తగిలినప్పుడు మోచేతికి తెలుస్తుంది. రాకెట్ ఇచ్చినప్పుడు షాపులో అడిగేవి రెండే ప్రశ్నలు: ఏ తీగ వేయాలి, ఎన్ని పౌండ్లకు బిగించాలి? అభిమాన ఆటగాడు ఏది వాడుతున్నాడో చూసి జవాబు చెప్పేవారే ఎక్కువ. నిజానికి చూడాల్సినవి వేరే ఉన్నాయి. ఆడేవారి చేతికి ఎంత బలముంది, స్వింగ్ ఎంత వేగంగా సాగుతుంది, తీగను ఎన్నాళ్లకోసారి మార్పించుకోగలరు అన్నవి చూసుకోవాలి.

తీగలు వేయించడాన్ని మన దగ్గర ఇప్పటికీ ‘గట్టింగ్’ అనే అంటారు. ఆ మాట వెనుక చరిత్ర ఉంది. గట్ అంటే పేగు. టెన్నిస్ పుట్టిన రోజుల నుంచి రాకెట్ తీగలను పశువుల పేగులతోనే చేసేవారు. ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో 1875లో మొదలైన బాబొలా సంస్థ ఈ పనితోనే పేరు తెచ్చుకుంది. పేగు తీగ బాగా సాగుతుంది, బిగువు నిలుపుకుంటుంది, చేతికి హాయిగా ఉంటుంది. కానీ ఖరీదెక్కువ, తడిస్తే పాడైపోతుంది. తర్వాత చవకగా నైలాన్ వచ్చింది, క్లబ్బుల్లో ఆడేవారికి అదే అలవాటైంది. పాలియెస్టర్ చాలాకాలం చవకబారు తీగగానే మిగిలిపోయింది. తెగదు, మన్నుతుంది, అంతకుమించి దానిలో గొప్పేమీ లేదనుకునేవారు.

ఆ అభిప్రాయాన్ని తిరగరాసింది 1997 ఫ్రెంచ్ ఓపెన్. ప్రపంచ ర్యాంకుల్లో 66వ స్థానంలో ఉన్న బ్రెజిల్ కుర్రాడు గుస్తావో కుర్టెన్ సీడింగ్ కూడా లేకుండా బరిలోకి దిగి టైటిల్ ఎగరేసుకుపోయాడు. అతని రాకెట్‌లో ఉన్నది బెల్జియం సంస్థ లక్సిలాన్ తయారుచేసిన పాలియెస్టర్ తీగ. 2000లోనూ, 2001లోనూ అదే కోర్టులో మళ్లీ గెలిచాడు. ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే పెద్ద టోర్నీల్లో పాలియెస్టర్ వాడకం సర్వసాధారణమైపోయింది. అంత బలంగా కొట్టిన బంతి గీత దాటకుండా ఎలా కిందికి వంగుతోందని ప్రేక్షకులు ఆశ్చర్యపోయిన రోజులవి.

ఆ వంపుకు కారణం తీగ నునుపు. బంతిని కింది నుంచి పైకి రాస్తూ కొట్టినప్పుడు రాకెట్‌లోని నిలువు తీగలు పక్కకు జరుగుతాయి. బంతి ఇంకా రాకెట్ మీద ఉండగానే అవి చటుక్కున తమ చోటికి వచ్చేస్తూ బంతిని తిప్పుతాయి. ఇదంతా సెకనులో వెయ్యోవంతులు నాలుగైదు గడిచేలోగా జరిగిపోతుంది. నైలాన్ తీగలు పక్కకు జరిగితే అక్కడే ఇరుక్కుంటాయి. అందుకే పాత ఆటగాళ్లు పాయింటుకూ పాయింటుకూ మధ్య వేళ్లతో తీగలు సర్దుకుంటూ కనిపించేవారు. పాలియెస్టర్ నున్నగా, గట్టిగా ఉంటుంది కాబట్టి తనంతట తానే సర్దుకుంటుంది.

తీగలు జారితే బంతి ఎంతగా తిరుగుతుందో టెన్నిస్ లోకానికి కుర్టెన్ తొలి గెలుపుకు ఇరవై ఏళ్ల ముందే ఒకసారి తెలిసింది. 1977లో ఇలీ నస్టాసే రెండు వరుసల తీగలు వేసిన ‘స్పఘెటీ’ రాకెట్‌తో దిగి గిలెర్మో విలాస్‌ను ఎదుర్కొన్నాడు. మట్టికోర్టుపై వరుసగా 53 మ్యాచ్‌లు గెలిచి ఉన్న విలాస్ రెండు సెట్లు పోగొట్టుకుని ఆట వదిలేశాడు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య ఆ రాకెట్‌ను నిషేధించింది. తీగల అల్లిక ఎలా ఉండాలో 1978లో నిబంధన కూడా పెట్టింది. అడ్డదారిలో వచ్చిన ఆ స్పిన్‌లో కొంత భాగాన్ని పాలియెస్టర్ నిబంధనల లోపలే ఉండి తెచ్చి ఇచ్చింది.

ఇక గట్టిదనం సంగతి. తీగ ఎంత గట్టిదో చేత్తో వంచి చూసి చెప్పడం కుదరదు. ప్రయోగశాలలో తీగను రాకెట్‌కు బిగించినంత బిగువుతో లాగి పట్టి, బంతి దెబ్బకు సమానమైన దెబ్బ కొడతారు. తీగ ఒక అంగుళం సాగాలంటే ఎన్ని పౌండ్ల బలం కావాలో లెక్కగడతారు. ఆ అంకె పెరిగేకొద్దీ తీగ గట్టిదన్నమాట. సుమారుగా చెప్పాలంటే పేగు తీగకు ఆ అంకె 100 దగ్గర ఉంటుంది. నైలాన్ రకాలు 150 నుంచి 200 మధ్య ఉంటాయి. పాలియెస్టర్ 180 దగ్గర మొదలై 300 వరకూ పోతుంది. మెత్తటి పాలియెస్టర్ ఆ వరుసలో కింది కొసన, గట్టిది పై కొసన ఉంటాయి.

ఈ అంకెలను కాస్త ఆగి చూడాలి. ‘సాఫ్ట్’ అని రాసున్న పాలియెస్టర్ మెత్తన అన్నది ఇతర పాలియెస్టర్లతో పోల్చినప్పుడే. నైలాన్ పక్కన పెడితే అది దాదాపు గట్టి నైలాన్‌తో సమానం, లేదా అంతకన్నా గట్టిది. మోచేయి నొప్పి పెడుతోందని ‘సాఫ్ట్’ కొనుక్కుని నిశ్చింతగా ఉండేవారు ఇక్కడే పొరబడుతున్నారు.

పాలియెస్టర్ అంటే రసాయనపరంగా దుస్తుల్లో వాడేదే, మంచినీళ్ల సీసా ప్లాస్టిక్‌కు దగ్గరి చుట్టమే. శుద్ధ పాలియెస్టర్ బిరుసుగా ఉంటుంది కాబట్టి తయారీదారులు దానిలో ఇతర పదార్థాలు కలిపి ‘కో-పాలీ’ తీగలు చేస్తారు. కలిపిన పదార్థాలను బట్టి, తీగను సాగదీసిన తీరును బట్టి గట్టిదనం మారుతుంది. అందుకే ఒకే సంస్థ ఒకే తీగను రెండు రకాలుగా అమ్మగలుగుతోంది. సొలింకో సంస్థ హైపర్-జి పక్కన హైపర్-జి సాఫ్ట్, టూర్ బైట్ పక్కన టూర్ బైట్ సాఫ్ట్ అమ్ముతుంది. లక్సిలాన్ 4జి గట్టి తీగల్లో పేరున్నది. యోనెక్స్ పాలీ టూర్ ప్రో మెత్తటివాటిలో చాలామందికి నచ్చినది. రఫేల్ నడాల్ 2010 నుంచి వాడిన నల్లటి తీగ బాబొలా ఆర్‌పిఎమ్ బ్లాస్ట్. అడ్డంగా కోసి చూస్తే ఎనిమిది పలకలు కనిపిస్తాయి. పలకల అంచులు బంతిని పట్టుకుంటాయని చెబుతారు కానీ, స్పిన్‌లో సింహభాగం నునుపుదీ, ఆటగాడి స్వింగ్‌దీ.

గట్టి తీగ ఎవరికి? బంతిని పూర్తి స్వింగ్‌తో, దెబ్బ దెబ్బకూ వేగం తగ్గకుండా కొట్టేవారికి. అలాంటివారికి బలం చేతిలోనే ఉంటుంది, తీగ నుంచి కావాల్సింది అదుపు. గట్టి తీగ తక్కువగా సాగుతుంది కాబట్టి బంతి రాకెట్ నుంచి కాస్త దిగువ కోణంలో బయలుదేరుతుంది, ఎంత కొట్టినా గీత లోపలే పడుతుందన్న ధైర్యం వస్తుంది. స్వింగ్ నెమ్మదిగా ఉన్నవారు అదే తీగ వేసుకుంటే బంతి నెట్‌కు తగలడమో, సర్వీస్ గీత దగ్గరే పడి అవతలివారికి తేలిగ్గా దొరకడమో జరుగుతుంది. దూరం చాలడం లేదని ఇంకా గట్టిగా కొడతారు. ఆ దెబ్బ అదురు ముంజేతికి ఎక్కుతుంది.

మెత్తటి తీగలో బంతి కొంచెం లోతుగా దిగుతుంది, కొంచెం ఎక్కువసేపు ఉంటుంది. చేతికి వచ్చే కుదుపు ఒక్కసారిగా కాకుండా పరుచుకుని వస్తుంది. బంతి కాస్త ఎత్తుగా, లోతుగా వెళుతుంది. వారానికి రెండు మూడు రోజులు ఆడే నలభై ఏళ్లవారికీ, టాప్‌స్పిన్ ఇప్పుడిప్పుడే పట్టుబడుతున్నవారికీ పాలియెస్టర్ వేయాలని ఉంటే ఇదే సరైన మొదటి మెట్టు. దీని లోపమూ చెప్పాలి. బలంగా కొట్టేవారికి బంతి చెప్పినచోట పడదు, బేస్‌లైన్ అవతల పడే బంతుల లెక్క పెరుగుతుంది.

మెత్తటి తీగ వేస్తే బంతి విపరీతమైన వేగంతో దూసుకుపోతుందన్న ప్రచారంలో పస లేదు. ఏ తీగైనా తాను సాగి దాచుకున్న శక్తిలో తొంభై శాతానికి పైగా తిరిగి ఇచ్చేస్తుంది. నష్టంలో ఎక్కువ భాగం బంతి నొక్కుకుపోవడంలోనే. తీగల మధ్య వేగంలో వచ్చే తేడా స్వల్పం. బంతి బయలుదేరే కోణంలో, చేతికి తెలిసే కుదుపులో మాత్రం తేడా స్పష్టంగా తెలుస్తుంది.

తీగ ఎంపిక కన్నా చాలాసార్లు బిగువే ఎక్కువ పని చేస్తుంది. నైలాన్‌ను 55 నుంచి 60 పౌండ్ల వరకూ బిగించడం పాత అలవాటు. అదే అంకె పాలియెస్టర్‌కు చెబితే రాకెట్ చెక్కపలకలా తయారవుతుంది. నైలాన్‌కు చెప్పే అంకె నుంచి పది శాతం తగ్గించడం ఆనవాయితీ. 45 నుంచి 52 పౌండ్ల మధ్య, అంటే దాదాపు 20 నుంచి 24 కిలోల మధ్య చాలామందికి కుదురుతుంది. బిగువు తగ్గితే తీగ గట్టిదనమూ తగ్గుతుంది కాబట్టి, గట్టి తీగ నచ్చినా చేతికి బరువనిపిస్తే ముందు నాలుగైదు పౌండ్లు తగ్గించి చూడవచ్చు. మందమూ లెక్కలోదే. 1.20 మిల్లీమీటర్ల తీగ 1.30 తీగకన్నా ఎక్కువ సాగుతుంది, మెత్తగా తోస్తుంది, త్వరగా తెగుతుంది.

పాలియెస్టర్‌లో అందరూ నిర్లక్ష్యం చేసేది వయసు. నైలాన్ తెగినప్పుడు మారుస్తారు. పాలియెస్టర్ తెగకుండానే చచ్చిపోతుంది. బిగించిన మొదటి రోజే చెప్పుకోదగ్గ బిగువు జారిపోతుంది, తర్వాత ఆడిన ప్రతి గంటకూ కొంత పోతుంది. రాకెట్‌ను వెలుతురుకు పట్టి నిలువు తీగను వేలితో పక్కకు జరిపితే, అడ్డ తీగ ఒరుసుకున్నచోట చిన్న గాడి కనిపిస్తుంది. గోటితో రాస్తే తగులుతుంది. తీగ ఆ గాడిలో ఇరుక్కుని, వదిలినా వెనక్కి రాకపోతే పాలియెస్టర్ కొన్న ప్రయోజనం తీరిపోయినట్టే. బంతి ఒకసారి పొట్టిగా, ఒకసారి గీత దాటి పడుతుంటే ఆటగాడు తన స్వింగ్‌ను తిట్టుకుంటాడు. తప్పు తీగది. 10 నుంచి 20 గంటల ఆట తర్వాత మార్చడం మంచిది. పెద్ద టోర్నీల్లో మొదట ఏడు గేములకు, ఆపైన తొమ్మిదేసి గేములకు కొత్త బంతులు ఇస్తారు. వాటితోపాటే కొత్తగా గట్టింగ్ చేసిన రాకెట్ అందుకునే ఆటగాళ్లు చాలామంది. అలా మార్చుకోగలిగినవారి తీగను, ఆరు నెలలకోసారి మార్పించేవారు అనుకరించడంలో అర్థం లేదు. మూడు నెలలకోసారైనా మార్పించే వీలు లేకపోతే నైలాన్ వేయించుకోవడమే మేలు. ఇది తక్కువతనం కాదు.

మన ఎండలు కూడా తీగను తినేస్తాయి. మే నెలలో విజయవాడలోనో ఖమ్మంలోనో మధ్యాహ్నం మూసి ఉన్న కారు డిక్కీలో వదిలేసిన రాకెట్‌ను సాయంత్రం తీసేసరికి తీగ సడలి ఉంటుంది. రాకెట్‌ను ఇంట్లోకి తెచ్చుకోవడానికి ఖర్చేమీ లేదు.

గట్టి, మెత్త రెండింటికీ మధ్య ఇంకో దారి ఉంది. నిలువుకు ఒకటి, అడ్డానికి ఒకటి వేసే ‘హైబ్రిడ్’ గట్టింగ్ అది. రోజర్ ఫెదరర్ నిలువుకు పేగు తీగ, అడ్డానికి లక్సిలాన్ పాలియెస్టర్ వాడేవాడు. క్లబ్ ఆటగాడికి నిలువుకు పాలియెస్టర్, అడ్డానికి నైలాన్ వేస్తే స్పిన్ చాలావరకు నిలుస్తుంది, కుదుపు తగ్గుతుంది, ఖర్చూ కొంత కలిసొస్తుంది.

పిల్లల విషయంలో మొహమాటం వద్దు. పన్నెండేళ్ల పిల్లల ఎముకలూ స్నాయువులూ ఇంకా పెరుగుతుంటాయి, పాలియెస్టర్‌ను సాగదీసేంత వేగం ఆ చేతుల్లో ఉండదు. అకాడమీలో పక్క పిల్లాడి రాకెట్‌లో నల్ల తీగ ఉందని తమ పిల్లలకూ అదే వేయించే తల్లిదండ్రులు మెత్తటి నైలాన్‌తో ఆగాలి. పెద్దవారికైనా మోచేతి బయటి వైపు నొప్పి మొదలై, గ్లాసు ఎత్తినా కలుక్కుమంటుంటే అది టెన్నిస్ ఎల్బో కావచ్చు. ముంజేతి కండరాలను మోచేతి ఎముకకు పట్టి ఉంచే స్నాయువు దెబ్బతినడమే ఆ జబ్బు. తీగ ఒక్కటే దానికి కారణం కాదు. బంతిని ఆలస్యంగా అందుకోవడం, సరిపడని గ్రిప్, మరీ బిరుసైన రాకెట్ కూడా కలుస్తాయి. కానీ నొప్పి ఉండగా పాలియెస్టర్‌తో ఆడటం, అది ‘సాఫ్ట్’ అయినా సరే, పుండు మీద కారం చల్లుకోవడమే. నొప్పి ఉన్నన్నాళ్లూ మెత్తటి నైలాన్ తీగో పేగు తీగో వేసుకుని డాక్టరుకు చూపించుకోవాలి.

చేతికి నొప్పి లేనివారు, పాలియెస్టర్ మొదటిసారి వేయిస్తున్నవారు మెత్తటి తీగను 1.25 మిల్లీమీటర్లలో, 48 పౌండ్లకు బిగించమని చెప్పండి. గట్టింగ్ చేసిన తేదీ, పౌండ్లు చిన్న కాగితం మీద రాసి రాకెట్ మెడ లోపలివైపు అంటించుకోండి. పది గంటలు ఆడాక బంతులు గీత దాటుతుంటే మరుసటిసారి రెండు పౌండ్లు పెంచండి, అప్పటికీ ఆగకపోతే గట్టి తీగకు మారండి. ఒక్కోసారి ఒక్కటే మార్చండి.