టెలివిజన్ ధ్వని – సౌండ్‌బార్ ఎంపిక

టెలివిజన్ తెరలు నానాటికీ పలుచబడుతున్నాయి. వాటితోపాటే వాటి కంఠస్వరమూ పలుచబడింది. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైన 1977 నాటికి టీవీ అంటే ఒక పెద్ద పెట్టె. పిక్చర్ ట్యూబ్ ఇమడడానికి ఆ పెట్టెకు లోతు అవసరమైంది. ఆ లోతులోనే స్పీకరుకూ చోటు దొరికేది. నేటి టీవీ మందం కొన్ని అంగుళాలు మాత్రమే. అందులో ఇమిడే చిన్న స్పీకర్లు చాలావరకు కిందికో, వెనుకకో తిరిగి ఉంటాయి. దృశ్యం మన కంటికి ఎదురుగా వస్తుంటే, శబ్దం మాత్రం గోడను తాకి, బల్లను తాకి చెవికి చేరుతున్నది.

డప్పు, మృదంగం వంటి వాద్యాల గంభీరనాదం పలకాలంటే స్పీకరు ఎక్కువ గాలిని కదిలించాలి. చిన్న స్పీకరుకు అది సాధ్యం కాదు గనుక పాట పేలవంగా వినిపిస్తుంది. ఈ లోపాన్ని సహించవచ్చు. సహించరానిది మాట తెలియకపోవడం.

'కాలు', 'పాలు', 'చాలు' అనే మూడు పదాలను పరిశీలించండి. వీటిలో భేదం మొదటి హల్లు ఒక్కటే. మాటలో అచ్చులు బలంగా, ఎక్కువసేపు ధ్వనిస్తాయి. హల్లులు బలహీనమైనవి, క్షణికమైనవి. హల్లులను గుర్తించడానికి తోడ్పడే ధ్వనులు ముఖ్యంగా 1000 నుండి 4000 హెర్ట్జ్‌ల మధ్యను, కొన్ని అంతకు పైనను ఉంటాయి. హెచ్చు పౌనఃపున్యం గల ధ్వనులు అడ్డంకులను చుట్టి రావడం కష్టం; స్పీకరు ఎటు చూస్తే అటే పోతాయి. వృద్ధాప్యంలో చెవి మొదట కోల్పోయేదీ ఈ ధ్వనులనే. కనుకనే ఇంట్లో తాతగారు "వినబడుతున్నది గాని, ఏమంటున్నారో తెలియడం లేదు" అంటారు. మనం శబ్దం పెంచుతాం. హల్లుతోపాటు అచ్చూ, నేపథ్య సంగీతమూ పెరుగుతాయి. పక్క గదిలో చదువుకొనేవారు తలుపు మూసుకుంటారు. కొంతకాలానికి తాతగారు అడగడం మానివేసి, అందరూ నవ్వినప్పుడు తానూ నవ్వి ఊరుకుంటారు.

ఈ స్థితిలో చాలామంది సౌండ్‌బార్ కొనాలనుకుంటారు. అనేక స్పీకర్లను ఒకే పొడవాటి పెట్టెలో, ప్రేక్షకునికి అభిముఖంగా అమర్చిన సాధనమిది. కొనడానికి ముందు టీవీలోని ధ్వని అమరికలను ఒకసారి చూడాలి. సంభాషణలను స్పష్టపరిచే అమరిక అనేక టీవీలలో ఉన్నది. దానితో పని జరిగితే ఖర్చే లేదు.

కొనక తప్పనప్పుడు పెట్టెపై ఉండే 2.1, 3.1, 5.1 వంటి అంకెల అర్థం తెలిసి ఉండాలి. మొదటి అంకె ధ్వని మార్గాల సంఖ్య. రెండవది గంభీరనాదానికి ప్రత్యేకించిన సబ్‌వూఫరును సూచిస్తుంది. 2.1లో కుడి, ఎడమ మార్గాలే ఉంటాయి. 3.1లో వాటి నడుమ మూడవ మార్గం చేరుతుంది. చలనచిత్రాలలో సంభాషణలు ఎక్కువగా ఈ నడిమి మార్గం నుండే వస్తాయి. మాట కోసం కొనేవారికి 3.1 మేలైనదని నా అభిప్రాయం. 5.1.2 అన్నచోట మూడవ అంకె పైకప్పు వైపు పలికే స్పీకర్లను తెలుపుతుంది. ధ్వని కప్పును తాకి కిందికి మరలాలి గనుక వీటికి చదునైన కప్పు కావాలి. పెంకుటింట్లో ఆ ఫలితం ఉండదు. 1957 నాటి 'మాయాబజార్' వంటి పాత చిత్రాల శబ్దం ఒకే మార్గంలో ముద్రితమైనది. వాటిని చూసే ఇంట అరడజను స్పీకర్లున్నా అదనంగా ఒరిగేది స్వల్పమే!

ప్రకటనలలో వాట్ల సంఖ్యను పెద్ద అక్షరాలతో ముద్రిస్తారు. దానికి భ్రమపడరాదు. వాట్లు రెట్టింపైతే ధ్వని పెరిగేది మూడు డెసిబెల్‌లే. చెవికి రెట్టింపుగా తోచాలంటే సుమారు పది రెట్ల శక్తి కావాలి. నిడివి పన్నెండు అడుగులకు మించని ముందుగదికి వందల వాట్లు అనవసరం. పైగా అపార్టుమెంటులో సబ్‌వూఫరు అదురు పొరుగింటివారికి కూడా పంచినట్లవుతుంది.

టీవీకి హెచ్.డి.ఎం.ఐ. ఏ.ఆర్.సి. అనే ద్వారం ఉన్నదో లేదో చూసుకోవాలి. 2009లో వచ్చిన ఈ ఏర్పాటు వల్ల ఒకే తీగతో ధ్వని సౌండ్‌బార్‌కు చేరుతుంది. సాధారణంగా టీవీ రిమోట్‌తోనే ధ్వనిని తగ్గించవచ్చు, పెంచవచ్చు. పెద్దలున్న ఇంట ఇది చిన్న సౌకర్యం కాదు. అది లేని పాత టీవీకి ఆప్టికల్ తీగ సరిపోతుంది. బ్లూటూత్‌లో తీగ బెడద లేదు గాని, ఒక్కొక్కప్పుడు పెదవుల కదలికకు మాట వెనుకబడుతుంది.

దుకాణంలో సాధారణంగా పోరాట దృశ్యాన్నో, హోరెత్తే పాటనో వినిపిస్తారు. వార్తలు పెట్టమని అడగాలి. శబ్దాన్ని బాగా తగ్గించి, ప్రతి మాటా తెలుస్తున్నదా అని గమనించాలి. వీలైతే తాతగారినీ వెంట తీసుకొని వెళ్లడం మంచిది. అక్కడ కూడా ఆయనకు మాట తెలియకపోతే డబ్బును జేబులోనే ఉంచి, ముందుగా చెవి వైద్యునికి చూపించాలి.

ఇంటికి తెచ్చిన సౌండ్‌బార్‌ను అల్మరా లోపలికి నెట్టకూడదు. టీవీకి దిగువన, బల్ల అంచుకు దగ్గరగా ఉంచాలి. గచ్చునేల, సిమెంటు గోడలు గల గదిలో మాట ప్రతిధ్వనిస్తుంది. కిటికీలకు మందపాటి తెరలు వేసి, నేలపై జంపఖానా పరిస్తే ఆ ప్రతిధ్వని కొంత అణగుతుంది.