కంప్యూటర్‌లో ఇసుక కుప్ప

ఇసుక విచిత్రమైన పదార్థం. గుప్పిటి నుండి జారునప్పుడు నీటిని పోలి ఉంటుంది. కుప్పగా నిలిచినప్పుడు ఘనపదార్థం వలె బరువు మోస్తుంది. నీటి ప్రవాహానికి 19వ శతాబ్దిలోనే సమీకరణాలు ఏర్పడినవి. ఇసుక, ధాన్యం, బొగ్గు, మందుబిళ్ళల వంటి వాటి కదలికకు అన్ని సందర్భాలలోను చెల్లే సమీకరణం నేటికిని లేదు. అందుచేత శాస్త్రజ్ఞులు మరొక దారి పట్టారు. కుప్పను ఒక్కటిగా భావించక, అందలి ఒక్కొక్క రేణువును విడివిడిగా లెక్కించుటయే ఆ దారి. పీటర్ కండాల్ 1971లో పగుళ్ళు గల శిలల కొరకు ఈ పద్ధతిని ప్రతిపాదించారు. 1979లో ఆటో స్ట్రాక్‌తో కలసి దానిని రేణురాశులకు వర్తింపజేస్తూ 'జియోటెక్నిక్' పత్రికలో వ్యాసం ప్రకటించారు. తెలుగులో దీనిని వివిక్త మూలక పద్ధతి అనవచ్చును.

పద్ధతిలోని ఊహ సరళమైనది. ప్రతి రేణువు ఒక గోళం. రెండు గోళాలు తాకినప్పుడు అవి ఒకదానిలోనికి మరొకటి రవ్వంత చొచ్చుకొన్నట్లు కంప్యూటర్ భావిస్తుంది. ఆ చొరబాటును బట్టి, నడుమ ఒక స్ప్రింగు ఉన్నట్లు, వికర్షణ బలాన్ని లెక్కిస్తుంది. ఆపై న్యూటన్ రెండవ నియమం ప్రకారం ప్రతి గోళాన్ని అత్యల్పమైన కాలం మేరకు ముందుకు జరుపుతుంది. మరల తాకిడులను వెదకుతుంది, మరల జరుపుతుంది. ఇంతే.

ఈ గోళాలు గాజువా, ఇసుకవా, శనగలా అన్నది కంప్యూటర్‌కు తెలియదు. మనమిచ్చే కొన్ని సంఖ్యలే వాటి జాతిని నిర్ణయిస్తాయి: సాంద్రత, యంగ్ గుణకం, పాయిజాన్ నిష్పత్తి, ఘర్షణ గుణకం, ఢీకొని వెనుకకు మరలు వేగాన్ని తెలుపు ప్రత్యవస్థాన గుణకం. వీనినే పదార్థ గుణాలంటారు. ఇక్కడ భాషను బోధించువాడిగా ఒక మాట. తెలుగులో 'గుణం' అన్నా, ఉర్దూలో 'ఖాసియత్' అన్నా అది ఒక వస్తువుకు సొంతమైనదని మన మనస్సుకు తోస్తుంది. సాంద్రత విషయంలో అది నిజమే. కాని ఘర్షణ ఏ ఒక్క వస్తువుకూ సొంతం కాదు. గాజుకు గాజుతో ఒకటి, గాజుకు ఇనుముతో మరొకటి. అది గుణం కాదు, సంబంధం. కనుక లిగ్గ్‌ట్స్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఘర్షణను ఒక సంఖ్యగా గాక ఒక పట్టికగా ఇవ్వవలెను. రెండు రకాల పదార్థాలుంటే అందులో నాలుగు గళ్ళు, మూడు వేర్వేరు విలువలు. మూడు రకాలైతే తొమ్మిది గళ్ళు, ఆరు విలువలు. పాత్ర గోడ కూడ ఒక రకమే అన్న సంగతిని క్రొత్తవారు తరచుగా మరచిపోతారు.

రకాన్ని బట్టియే గుణం గనుక, యంగ్ గుణకం వ్రాసిన వరుసను మార్చితే ఆ రకపు రేణువులన్నియు మారిపోతాయి. కొన్నింటినే మార్చదలచినచో వాటికి వేరొక రకాన్ని ముందుగానే ప్రకటించి, సమయం వచ్చినప్పుడు ఆ రేణువులను ఆ రకంలోనికి చేర్చవలెను.

యంగ్ గుణకాన్ని మార్చుటకు ప్రలోభం చాలా ఎక్కువ. కారణం కాలం. గాజు యంగ్ గుణకం సుమారు 7,000 కోట్ల పాస్కల్‌లు. 9 మిల్లీమీటర్ల వ్యాసం గల గాజు గోళీలకు కంప్యూటర్ వేయదగిన కాలపు అడుగు సెకనులో పదిలక్షవ వంతు మాత్రమే. ఒక్క సెకను కదలికకు పది లక్షల అడుగులు! ఈ అడుగు పరిమాణం సాంద్రతను యంగ్ గుణకంతో భాగించగా వచ్చిన దాని వర్గమూలాన్ని అనుసరిస్తుంది. గాజును పదివేల రెట్లు మెత్తన చేసితే అడుగు నూరు రెట్లు పెరుగుతుంది. నూరు రోజుల లెక్క ఒక రోజులో ముగుస్తుంది. చొరబాటు వ్యాసంలో నూరవ వంతు లోపుగా ఉన్నంతవరకు అనేక ప్రవాహాలలో ఈ అబద్ధం పెద్దగా హాని చేయదు. ఒత్తిడికి రాశి ఎంత కుదించుకొనునో, ధ్వని అందులో ఎంత వేగంతో పోవునో తెలిసికొనగోరినచో మాత్రం జవాబు పూర్తిగా తప్పుతుంది. సాంద్రతను పెంచినా అడుగు పెరుగుతుంది గాని, అప్పుడు బరువు, జడత్వం రెండూ చెడతాయి.

అసలైన ప్రమాదం లెక్క నడుస్తుండగా గుణాన్ని మార్చుటలో ఉన్నది. ఒక గ్రాము గోళీలు పది నిలువుగా ఒకదానిపై ఒకటి ఉన్నవనుకొందాం. అట్టడుగు తాకిడి వద్ద బలం సుమారు 0.1 న్యూటన్. స్ప్రింగు కాఠిన్యం మీటరుకు 1,000 న్యూటన్లయితే చొరబాటు 0.1 మిల్లీమీటరు. అందులో దాగిన శక్తి 0.000005 జౌల్. ఇప్పుడు కాఠిన్యాన్ని ఒక్కసారిగా నాలుగు రెట్లు చేయండి. చొరబాటు మారలేదు, శక్తి మాత్రం 0.00002 జౌల్ అయినది. ఎవరూ నెట్టలేదు, ఏదియు పడలేదు, ఐనను 0.000015 జౌల్ శూన్యం నుండి పుట్టినది. అదంతయు చలనంగా మారి రెండు గోళీలకు సమంగా పంచబడితే ఒక్కొక్కటి సెకనుకు 12 సెంటీమీటర్ల వేగాన్ని పొందుతుంది. లక్ష తాకిడులు గల కుప్పలో ఇట్టిది జరిగినచో కుప్ప ఉలిక్కిపడుతుంది, ఒక్కొక్కసారి పేలిపోతుంది. తెరపై చూచినవారు దానిని ప్రకృతి చర్య అని భ్రమపడవచ్చును. కావున కాఠిన్యాన్ని వేలాది అడుగులలో కొద్దికొద్దిగా పెంచి, కదలిక అణగినదని చూచుకొని ముందుకు సాగవలెను.

అన్ని మార్పులూ దోషాలు కావు. దట్టమైన రాశి కావలసినప్పుడు ఘర్షణను తక్కువగా ఉంచి రేణువులను నింపి, అవి సర్దుకొన్న పిమ్మట నిజమైన విలువను ఇచ్చుట మర్యాదగల పద్ధతియే. ఘర్షణను పెంచుటచే నిలకడగా ఉన్న రాశి కదలదు. తగ్గించినచో జారుతుంది; అది న్యాయమే.

ఇక విలువలు ఎక్కడ నుండి వచ్చును? ప్రయోగశాలలో ఇసుకను కుప్ప పోసి, దాని వాలు కోణాన్ని కొలిచి, కంప్యూటర్ కుప్ప అదే కోణానికి వచ్చువరకు సంఖ్యలను మార్చుట వాడుక. ఇక్కడ చిక్కున్నది. జారుడు ఘర్షణ ఎక్కువ, దొర్లుడు నిరోధం తక్కువ ఉన్న జంట ఒకటి. జారుడు ఘర్షణ తక్కువ, దొర్లుడు నిరోధం ఎక్కువ ఉన్న జంట మరొకటి. రెండును ఒకే కోణాన్ని ఇవ్వగలవు. చిత్రాలు రెండును ఒకే తీరుగా అందంగా ఉంటాయి. ఏ సంఖ్యలతో ధాన్యపు గాదెకు అడుగున ద్వారం ఎంత ఉండవలెనో నిర్ణయిస్తారో ఆ ఇంజనీరుకు మాత్రం తేడా తెలియవలెను; ద్వారం చిన్నదైతే గింజలు కమాను కట్టి నిలిచిపోతాయి. జాగ్రత్తపరులు కుప్ప కోణంతో ఆగక, అదే ఇసుకను గరాటులో పోసి అది ఖాళీ అగుటకు పట్టు కాలాన్ని కూడ కొలుస్తారు. కోణం వద్ద కలిసిన ఆ రెండు జంటలు గరాటు వద్ద విడిపోవచ్చును.