రూపాయి పడితే రొయ్యకు రేటు రావాలి కదా?

డాలరు రేటు పెరిగిన ప్రతిసారీ భీమవరం వైపు చెరువు గట్ల మీద ఇదే చర్చ. మన రొయ్యలు ఎక్కువగా పోయేది అమెరికాకు, డబ్బు వచ్చేది డాలర్లలో. డాలరుకు 80 రూపాయలు వచ్చేచోట 88 వస్తుంటే ఆ తేడా అంతా ఏమైనట్టు? వంద కౌంటు, అంటే కిలోకు వంద తూగే రొయ్య, రేటు ఉన్నచోటే ఎందుకుంది? అడగాల్సిన ప్రశ్నే. దీని ఆరా తీస్తూ పోతే, కరెన్సీ విలువ తగ్గితే ఎగుమతులు పెరుగుతాయన్న పాఠం ఎంతవరకు నిజమో కూడా బయటపడుతుంది.

ముందు ఆ పాఠమే చూద్దాం. ఎగుమతిదారు కిలో రొయ్యను 8 డాలర్లకు అమ్ముతున్నాడనుకోండి. లెక్క కోసం వేసుకున్న ధర ఇది. డాలరు 80 రూపాయలైతే అతనికి 640 వస్తాయి, 88 అయితే 704. ఇప్పుడతను ధర కదపకుండా కిలోకు 64 రూపాయలు మిగుల్చుకోవచ్చు. లేదా ధరను 7 డాలర్ల 27 సెంట్లకు దించి, రూపాయల్లో ఏమీ పోగొట్టుకోకుండానే వియత్నాం వ్యాపారి చేతిలో ఉన్న ఆర్డరును లాక్కోవచ్చు. ధర దించితే వెంటనే మన సరుకు ఎక్కువ పోతుంది. దించకపోతే ఎగుమతిదారు లాభం పెరుగుతుంది, ఆ లాభం చూసి కొత్త చెరువులు, కొత్త ప్లాంట్లు వస్తే అప్పుడు సరుకు పెరుగుతుంది. దానికి ఏళ్లు పడుతుంది.

మరి ఆ 64 రూపాయలు గట్టు దాకా ఎందుకు రావు?

అమెరికాలో కొనేవాడికీ రూపాయి రేటు తెలుసు కాబట్టి. మీ కరెన్సీ పడింది, ధర తగ్గించండి అని అతనే మొదట అడుగుతాడు. ప్రపంచ వ్యాపారంలో బిల్లులు ఎక్కువగా డాలర్లలోనే రాస్తారు. అందువల్ల రూపాయి పడగానే విదేశీ కొనుగోలుదారుకు మన సరుకు దానంతటదే చౌక కాదు, బేరమాడి చౌక చేయించుకోవాలి. కొన్ని కంటైనర్లకు ధర నెలల ముందే కుదిరిపోయి ఉంటుంది. రాబోయే డాలర్లను బ్యాంకుకు పాత రేటుకే ముందస్తుగా అమ్మేసుకున్న ఎగుమతిదారుకు కొత్త రేటు వల్ల ఒరిగేదేమీ లేదు. ఇండోనేసియా, వియత్నాం కరెన్సీలు కూడా అదే నెలలో అంతే పడితే పోటీలో మనకు దక్కే ప్రత్యేక లాభమూ ఉండదు.

ఇంతమంది పంచుకున్నాక మిగిలింది రైతుకు. అతని చేతిలో బేరమాడే బలం తక్కువ. పట్టుబడి మొదలయ్యాక రొయ్య ఆగదు, ఐసు వేసి అదే రోజు పంపాల్సిందే. మంచి రేటు కోసం వారం ఆగుదామంటే చెరువులో ఏ తెగులు వస్తుందోనన్న భయం. నన్నడిగితే డాలరు రేటు కంటే ఈ తొందరే రైతు ధరను ఎక్కువగా నిర్ణయిస్తుంది.

ఖర్చు వైపు చూస్తే డాలరు అక్కడా ఉంది. మనం ఎక్కువగా పెంచే వనామీ రొయ్య మన తీరంలో పుట్టిన రకం కాదు. 2009లో సాగుకు అనుమతి వచ్చింది. హేచరీలకు తల్లి రొయ్యలు ఎక్కువగా అమెరికాలోని హవాయి, ఫ్లోరిడాల నుంచి విమానాల్లో దిగుతాయి. సాగు ఖర్చులో సగానికి పైగా మేతదే. అందులో పడే సోయా పిండి, చేపల పొడి ఇక్కడే కొన్నా వాటి ధర ప్రపంచ మార్కెట్టును చూసి కదులుతుంది. కరెంటు పోతే చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు తిరగడానికి జనరేటరుకు డీజిల్ పోయాలి. దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే. అంటే రొయ్య ధరలో రూపాయి పెరిగేలోపే మేత బస్తా ధర పెరిగి కూర్చోవచ్చు.

కాబట్టి ఏ సరుకు గురించైనా అడగాల్సింది, దాని ధరలో మన దేశంలోనే పుట్టిన భాగం ఎంత అని. సూరత్ వ్యాపారులు ముడి వజ్రాలను డాలర్లలో కొని, సానబట్టి డాలర్లలోనే అమ్ముతారు. రూపాయి పడితే వాళ్లకు మిగిలేది సానబట్టిన కూలి మీద మాత్రమే. విదేశీ విడిభాగాలతో ఇక్కడ బిగించి పంపే మొబైల్ ఫోన్లదీ ఇంచుమించు అదే లెక్క. గుంటూరు మిర్చి నయం. నేల, నీరు, కూలి ఇక్కడివే. అయినా దానికి వేసే పొటాష్ దాదాపు మొత్తం బయటినుంచే వస్తుంది. నేరుగా లాభపడేది హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీలు. రాబడి డాలర్లలో, ఇక్కడి ఉద్యోగుల జీతాలు రూపాయల్లో. ఆ ఉద్యోగి చెల్లెలు అమెరికాలో ఎమ్మెస్ చదువుతుంటే మాత్రం ఆ ఇంట్లో లెక్క తిరగబడుతుంది. వాణిజ్య లెక్కల్లో ఆ ఫీజు కూడా దిగుమతే.

రూపాయి పడ్డాక మొదట్లో వాణిజ్య లోటు పెరుగుతుందంటారు, ఎందుకు?

మారకపు రేటు ఒక్క పూటలో మారుతుంది, మనుషుల కొనుగోళ్లు అంత త్వరగా మారవు. నూనె ఖరీదైందని రేపటి నుంచి పోపు మానేయం, పెళ్లికి బంగారం కొనడం ఆపం. అంతే సరుకుకు ఎక్కువ రూపాయలు కడతాం. ఎగుమతులేమో కొత్త ఆర్డర్లు కుదిరాకే పెరుగుతాయి. అందుకే లోటు ముందు ముదిరి, అన్నీ కలిసొస్తే తర్వాత మెరుగవుతుంది. ఎగుమతుల్లోంచి దిగుమతులు తీసేయగా మిగిలేదానికి గ్రాఫు గీస్తే ఇంగ్లిషు జె అక్షరంలా కిందికి దిగి పైకి లేస్తుంది. ఆ లేవడానికీ ఒక షరతు ఉంది. వాణిజ్యం సరితూకంలో ఉన్నప్పుడు మొదలుపెడితే, ఎగుమతుల పరిమాణం పెరిగిన శాతం, దిగుమతుల పరిమాణం తగ్గిన శాతం కలిపి కరెన్సీ పడ్డ శాతాన్ని దాటాలి. ఆల్‌ఫ్రెడ్ మార్షల్, అబ్బా లెర్నర్ అనే ఆర్థికవేత్తల పేర్లతో పిలిచే షరతు ఇదే.

ఇదంతా మన దగ్గర ఎలా నడిచిందో చూద్దాం. 1966 జూన్ 6న మన ప్రభుత్వం డాలరు రేటును 4.76 రూపాయల నుంచి ఒక్కసారిగా 7.50కి మార్చింది. చిన్న తగ్గింపు కాదది. అయినా ఎగుమతులు లేవలేదు. ఎగుమతులకు ఇస్తున్న రాయితీలను అప్పుడే తీసేశారు. జనపనార సరుకులు, తేయాకు వంటి వాటిపై ఎగుమతి సుంకాలు వేశారు. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో వెనక్కి పోయింది. పైగా వరుసగా రెండేళ్లు కరువు. ఆనాడు మనం అమ్మేది ఎక్కువగా పొలం నుంచి వచ్చే సరుకే. పంటే లేకపోతే ఎంత చౌకగా ఇస్తామన్నా అమ్మడానికి ఏముంటుంది?

1991లో జులై 1న ఒకసారి, 3న మరోసారి తగ్గించారు. డాలరు 21 నుంచి 26 రూపాయల దరికి వచ్చింది. అప్పుడు ప్రధాని పీవీ, ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్, రిజర్వు బ్యాంకులో డిప్యూటీ గవర్నరు రంగరాజన్. తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చిన రంగరాజనే ఈయన. చాలామంది మరిచిపోయే సంగతి, ఆ ఏడాది డాలర్లలో మన ఎగుమతులు పెరగలేదు, కాస్త తగ్గాయి. మన పెద్ద కొనుగోలుదారు సోవియట్ యూనియన్ అప్పుడే కూలిపోయింది. ఎగుమతులు దాదాపు 20 శాతం ఎగబాకింది 1993-94లో. అప్పటికి లైసెన్సులు పోయాయి, యంత్రాల మీద దిగుమతి సుంకాలు తగ్గాయి. ఆ ఎదుగుదలను ఒక్క రూపాయి ఖాతాలో వేయడం నాకు సరిగా తోచదు.

ఇంకో చిక్కు ఉంది. రూపాయి 5 శాతం పడి, మన దగ్గర ధరలు బయటి దేశాలకంటే 5 శాతం ఎక్కువ పెరిగితే పోటీలో కలిసొచ్చేది సున్నా. అందుకే రిజర్వు బ్యాంకు డాలరు రేటుతో పాటు 40 దేశాల కరెన్సీలను, ధరలను కలిపి ఒక సూచీ కూడా ప్రకటిస్తుంది. ఎగుమతిదారు బలం చూడాలంటే చూడాల్సింది దాన్ని. ఇక 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, రూపాయి నాలుగైదు శాతం పడటం ఏ మూలకూ చాలలేదు.

రొయ్యల్లో మన గట్టి పోటీదారు ఈక్వెడార్. ఆ దేశానికి సొంత కరెన్సీయే లేదు. 2000 నుంచి అమెరికా డాలరునే వాడుతోంది. విలువ తగ్గించుకునే దారే లేని ఆ దేశం ఇవాళ రొయ్యల ఎగుమతిలో మనల్ని దాటి ముందుంది. పెద్ద పెద్ద చెరువుల్లో పలచగా పిల్ల వేస్తారు. అమెరికా మార్కెట్టు దగ్గర. తెల్లమచ్చ తెగులు చెరువులను తుడిచిపెట్టాక, దాన్ని తట్టుకున్న రొయ్యలనే ఏరి, వాటినుంచే తల్లి రొయ్యలను తరతరాలుగా తామే తయారు చేసుకున్నారు. మనం వాటిని ఇప్పటికీ ఎక్కువగా డాలర్లు పెట్టి తెచ్చుకుంటున్నాం, రూపాయి పడినప్పుడల్లా మరికొన్ని రూపాయలు కలిపి.