పాత మోటారుబండ్ల పొత్తు

ఇండ్లలో నిలిచియుండు పాతవస్తువులు రెండు తెరగులు. అమ్మమ్మనాటి ఇత్తడిబిందెను చింతపండు పెట్టి తోమి బోర్లించిన చాలును. నూరేండ్లయినను అది మరొకరి సాయము కోరదు. రెండవ తెరగు వస్తువులు ఒంటిచేతికి నిలువవు. ఊరిదేవుని తేరు అట్టిది. ఏడాది పొడుగునను కొట్టములో నుండి తిరునాళ్లకు వెలికి వచ్చును. వడ్రంగి ఇరుసు చూడవలెను. కమ్మరి చక్రపు పట్టాలు బిగింపవలెను. మోకు పట్టుటకు ఊరంతయు రావలెను. ఊరిలో పొత్తు చెడెనా, తేరు కదలదు. నాలుగేండ్లు కదలనిచో చెదలపా లగును.

పాత మోటారుబండియు ఈ రెండవ తెరగులోనిదే. తాతగారు కొన్న అంబాసిడరు కారో, ఫియటు కారో నేటికిని కొట్టములో నిలిచియున్న ఇండ్లు మన కర్నూలు, కడప సీమలలో లేకపోలేదు. దాని నేమి చేయవలెను? పాతయినుము కొనువానికి తూకమునకు వేయవలెనా, బాగుచేసి నిలుపుకొనవలెనా? ఇది మగవారి ముచ్చటగా తోచవచ్చును. కాని కొట్టము ఇంటిది, రూకలు ఇంటివి. కావున నిర్ణయమునందు ఇల్లాలికిని పాలు కలదు. ఇట్టి బండ్లు గలవారు లోకమున పలుచోట్ల సంఘములుగా కూడి ఏమి చేయుచున్నారో తెలిసికొన్నచో ఆ నిర్ణయము సులువగునని మా తలంపు.

ఈ కథ ఇంగ్లండులో మొదలైనది. అచట మోటారుబండికి ముందుగా ఒక మనిషి నడచుచు దారి చూపవలెనని యొకనాడు చట్టముండెను. 1896వ సంవత్సరము నవంబరు 14వ తేదిని ఆ కట్టుబాటు తొలగెను. ఆ సంతోషమున బండ్లవారు లండను నుండి సముద్రతీరమందలి బ్రైటనుకు కలసి పయనించిరి. 1927లో కొందరు ఆ పయనమును పాతబండ్లతో మరల నడపిరి. 1930లో వెటరన్ కార్ క్లబ్ అను సంఘ మేర్పడెను. నేటికిని 1905కు ముందు తయారైన బండ్లకే ఆ పయనమున చోటు. అది పందెము కాదు. ఎవరు ముందు చేరిరని లెక్కింపరు. నడుమ ఆగిపోక చేరుటయే గెలుపు. పిమ్మట పలుదేశముల సంఘములు కలసి 1966లో ‘ఫీవా’ యను మహాసంఘమును స్థాపించుకొన్నవి. ముప్పది యేండ్లు దాటి, నిత్యపు రాకపోకలకు గాక చరిత్రకై కాపాడబడు బండి వారి లెక్కలో చారిత్రకవాహనము.

మనదేశమున స్టేట్స్‌మన్ పత్రికవారు 1964లో ఢిల్లీయందు పాతబండ్ల ర్యాలీని మొదలిడిరి. అందు పేరు గాంచిన బండి యొకటి మన దక్కనునుండి పోయినదే. అది కారు కాదు, నిప్పులార్పు బండి. ఇంగ్లండులోని జాన్ మోరిస్ కంపెనీ తయారుచేయగా 1914లో నిజాము రైల్వేవారు కొనిరి. 1960 వరకు కొలువు చేసి, నేడు ఢిల్లీ రైలు మ్యూజియమున నున్నది. పదవి చాలించిన పిదపను ఆ బండి తన కాళ్లమీద తాను ర్యాలీకి నడచిపోవుట చూచువారికి వింత. దీనితో పోల్చదగినది హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమందలి 1912వ సంవత్సరపు రోల్సు రాయిసు. ఆరవ నిజాము మహబూబు అలీ ఖాను దానిని కోరి చేయించెను గాని, అది చేరకముందే 1911లో ఆయన కాలము చేసెను. పసుపువన్నె గల ఆ సింహాసనపు బండి తిరిగిన దూరము బహు స్వల్పము. ఒకటి ఏలికకై వచ్చినది, ఒకటి కూలికై వచ్చినది. కాపాడువారు దొరకుటచేత రెండును నిలిచినవి.

సంఘములవారు కూడినపుడు జరుగు పనులు ముఖ్యముగా మూడు. మొదటిది ఊరేగింపువంటి పయనము; దానినే ర్యాలీ యందురు. తెల్లవారుజామున బండ్లు వరుసతీరి, ఒక కోటకో గుడికో పోయి, కలసి భుజించి మరలును. రెండవది పరీక్ష. తెలిసినవారు బండిని శోధించి, రంగు, దీపములు, సీటుగుడ్డ, యంత్రము తయారైననాటి తీరున నున్నవా యని చూచి మార్కులు వేయుదురు. క్రొత్త మెరుగులు దిద్దినందుకు మార్కులు తగ్గునే గాని పెరుగవు! మూడవది బయటివారికి కనబడనిది, అన్నిటికంటె విలువైనది. అది ఇచ్చిపుచ్చుకొనుట. ఒకరి కొట్టములో రెండు కార్బ్యురేటరు లుండును. మరొకరికి ఒకటియు నుండదు. ఒకరికి మంచి సీటుపనివా డెరుకగా నుండును. మరొకరివద్ద కంపెనీవారి పాత పుస్తక ముండును. ఇవి యన్నియు చేతులు మారును. నడుమదారిలో ఒక బండి ఆగిన వెనుకవారందరు నాగుదురు. ఒకడు మూత యెత్తును, ఒకడు తీగ చూచును, ఒకడు త్రాడు తెచ్చును. ఈ ఆగుటలోనే స్నేహము లేర్పడుచున్నవి.

మన సీమలో బండలాగుడు పోటీలు చూచినవారికి ఈ వరుస క్రొత్త కాదు. పొలము దున్నుటకు ట్రాక్టరు వచ్చిన వెనుకను, ఒంగోలు గిత్తలను బిడ్డలవలె పెంచువారు కలరు. తిరునాళ్లలో వారు పోటీదారులే. కాని ఒకరి యెద్దు కుంటుపడిన రాత్రి ఎదుటివారే మందాకు తెత్తురు. లాభములేని వస్తువును ప్రేమించువారికి ఒకరి బాధ యొకరికి తెలియును.

భారతమందలి నలోపాఖ్యానము నిందు స్మరింపదగును. బాహుకుడను మారుపేరుతో నలుడు ఋతుపర్ణ మహారాజునకు సారథియై విదర్భకు రథము తోలుచుండగా, దారిలో రాజు తానెరిగిన అక్షహృదయమను విద్యను సారథి కిచ్చెను. బదులుగా సారథి అశ్వహృదయమను విద్య నొసగుట కొప్పుకొనెను. ఒకడు రాజు, ఒకడు బండి తోలువాడు. అయినను విద్యయెడ ఇరువురు సములే. ఏ సంఘము మంచిదో తెలిసికొనుటకు మాకు తోచిన గురుతు ఇదియే. బండి గల దొర ముందువరుసను కూర్చుండి, దానిని బ్రదికించిన మేస్త్రీ గేటుకడ నిలిచియుండెనా, అది ఆడంబరమే గాని సంఘము గాదు.

స్త్రీలు మోటారుబండ్ల కథలో ఆదినుండియు నున్నారు. బండిని కనిపెట్టిన కార్లు బెంజుగారి భార్య బెర్తా 1888 ఆగస్టులో, భర్తకు చెప్పకయే, ఇద్దరు కుమారులతో మాన్‌హైము పట్టణమునుండి ఫోర్జ్‌హైములోని పుట్టినింటికి బండి నడపుకొనిపోయెను. దూరము నూరు కిలోమీటర్లకు మించినది. దారిలో ఇంధన మైపోగా మందులషాపులో కొనెను. గొట్టమునకు మడ్డి యడ్డుపడగా టోపీసూదితో పొడిచి తీసెను. తీగ ఒరసికొనగా మేజోటిపట్టీని చుట్టెను. బ్రేకు అరిగిపోగా చెప్పులు కుట్టువానిచే తోలు వేయించెను. ఆమె సాహసముచేతనే బండి దూరపయనమునకు పనికివచ్చునని లోకమునకు నమ్మిక కలిగెను. యుద్ధరంగమున దశరథుని రథపు చీల ఊడిపోగా కైకేయి తన చేయి యడ్డుపెట్టి కాచినదని మనవారు చెప్పుకొను కథ ఇట వినదగినది. ఆపదలో చేతికందిన దానితో పని నడపుట ఆడుదానికి వంటయింటిలోనే అబ్బిన విద్య గదా!

ఇక మన సీమ సంగతి. మోటారుబండికి మొదటి శత్రువు త్రుప్పు. సముద్రపుగాలి తగులు ఊళ్లలో రేకు త్వరగా తినిపోవును. మన పొడినేలలో తేమ తక్కువ గనుక రేకు చాలకాలము నిలుచును. ఈ యొక్క విషయమున వానలేమి మనకు మేలే చేసినది. కాని ఎండ తన పాలు తాను పుచ్చుకొనును. నలుబది డిగ్రీలు దాటు కర్నూలు వేసవిలో రబ్బరు బిరుసెక్కును, సీటుతోలు పగులును, గొట్టములోనే పెట్రోలు ఆవిరియై బండి నిలిచిపోవును. అపుడు పెట్రోలుపంపుపై తడిగుడ్డ వేసి చల్లార్చుట మన డ్రైవర్లకు పరంపరగా వచ్చిన చిట్కా. కడపనుండి రాయచోటికి పోవుచు గువ్వలచెరువు కనుమ ఎక్కువారును, ఆత్మకూరునుండి దోర్నాల మీదుగా శ్రీశైలము పోవువారును వెనుకటి దినములలో రేడియేటరుకై బిందెతో నీరు వెంట గొనిపోవువారు. ఇట్టి తెలివి ఏ కంపెనీ పుస్తకమునను లేదు. మేస్త్రీల నోట, వయసుమళ్లిన డ్రైవర్ల నోట మాత్రమే కలదు.

ఆ నోళ్లు నానాటికి తగ్గుచున్నవి. అంబాసిడరు కారు 1957లో పుట్టి, కలకత్తా చెంతనున్న ఉత్తరపారలో 2014 వరకు తయారైనది. బొంబాయి ఫియటు 1974లో పద్మిని పేరు దాల్చి, అదియు మరుగుపడినది. మద్రాసు స్టాండర్డు హెరాల్డు అంతకుముందే పోయినది. కర్నూలు ఆంధ్రరాష్ట్రపు రాజధానియై యున్న 1953–1956 నడుమ ఆ వీధులలో తిరిగిన బండ్లను బాగుచేయ నేర్చినవారి శిష్యులు సైతము నేడు వృద్ధులు. క్రొత్తబండ్లకు కంప్యూటరు పెట్టి లోపము కనుగొను కుర్రవారికి, చెవి యొగ్గి యంత్రపు సద్దునుబట్టి రోగము చెప్పు విద్య ఎవరు నేర్పుదురు? దీనికి తోడు 2025 నాటికి దేశమున పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లు ఇథనాలు కలియుచున్నది. ఆనాటి రబ్బరు గొట్టములు దానిని ఓర్వలేవు. తగిన క్రొత్త గొట్టములు వేయింపవలెను. ఒంటరిగా నున్నవానికి ఈ సంగతి గొట్టము కారినపుడు గాని తెలియదు; పదిమందిలో నున్నవానికి ముందే తెలియును.

ప్రభుత్వము 2021లో పాతబండ్లకై ప్రత్యేక నిబంధనలు చేసినది. మొదట రిజిస్టరైన నాటినుండి ఏబది యేండ్లు దాటి, చాసిసు, బాడీ, ఇంజను మార్పులేక మొదటిరూపున నున్న సొంతబండ్లను ‘వింటేజి’ యని నమోదు చేయించుకొనవచ్చును. క్రొత్తగా నమోదుకు రుసుము 20,000 రూపాయలు, మరల చేయించుటకు 5,000, గడువు పదియేండ్లు. నంబరుపలకపై ‘వీఏ’ యను అక్షరము లుండును. అట్టి బండిని నిత్యపు పనులకును, బాడుగకును నడపరాదు. ప్రదర్శనమునకు, ర్యాలీకి, పెట్రోలు పోయించుటకు, మరమ్మతుకు రోడ్డెక్కవచ్చును. కావున తూకమునకు వేయుటకు ముందు బండి వయసెంతో, కాగితము లున్నవో లేవో చూచుకొనుట మేలు. ఇంజను మార్చిన పిదప విచారించిన ఫలము లేదు.

ఇది ధనికుల వేడుక గాదా, ఆడపిల్ల చదువునకు దాచిన రూకలు ఇనుమునకు పోయవలెనా యని యడుగు సోదరీమణులు కలరు. వారి మాటలో న్యాయము కలదు. అప్పుచేసి బండి నిలుపుట మాకును సమ్మతము గాదు. మరమ్మతు జమాఖర్చు ఇల్లాలి యెదుట వ్రాయవలెను. ఏటికింతయని మేర ముందే పెట్టుకొనవలెను. ఆ మేర దాటినచో మరమ్మతు ఆపవలెను. పొత్తువలన కలుగు లాభమును ఇచటనే. నాలుగిండ్లు కలసి ఒక మేస్త్రీకి పని చూపినచో కూలి తగ్గును, ఆయనకు బత్తెము నిలుచును. ఒక బండిని విప్పి మూడు బండ్లను బ్రదికింపవచ్చును. అట్లును శక్తి చాలనివారు సిగ్గుపడవలసిన పనిలేదు. తూకమునకు గాక, కాపాడగలవారి చేతికి అమ్ముటయు కాపాడుటయే.

మరొక మాట. సంఘములు కూడినచోట స్త్రీలు కాఫీలు కాచి యిచ్చుటతో ఆగిపోరాదు. బండి పక్కసీటున కూర్చుండి దారిపటము చూచుటయు, వేళ లెక్కించుటయు ర్యాలీలో సగము పని. స్టీరింగు పట్టుట మిగిలిన సగము. రెంటికిని మన ఆడపిల్లలు తగుదురు.

కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు, కడపలనుండి నాలుగు బండ్లు బయలుదేరి ఒక ఆదివారము నాడు బెలుముగుహలకడ కలిసికొనుటకు గొప్ప సంఘ మక్కరలేదు, పెద్ద చందా యక్కరలేదు. ఆ మొదటి కూటమునకు ముసలి మేస్త్రీని పిలువుడు. ఆయనకు నీడలో పీట వేయుడు. ఆయన చెప్పిన చిట్కాలను ఇంటిలో చదువుకొన్న పిల్లచేత ఒక నోటుపుస్తకమున వ్రాయింపుడు. బండి నిలిచినను నిలువకపోయినను ఆ పుస్తకము నిలుచును.