పాత ఇనుము కాదు, పనిముట్టు

మ్యూజియంలో అద్దాల వెనక కటారిని చూసి అబ్బురపడతాం. ఇంట్లో అటక మీది తుప్పుపట్టిన పనిముట్టును మాత్రం పాత ఇనుముకు వేస్తాం. రెండూ కమ్మరి కొలిమిలో పుట్టినవే. పాతవాటిని ఎలా గుర్తించాలో నాలుగు మాటలు చెబుతాను.

మొదట పదును ఎక్కడుందో చూడాలి. బాకుకు సాధారణంగా రెండువైపులా పదును, మొనదేలిన కొస ఉంటాయి. కటారికి పిడి అడ్డంగా ఉంటుంది, పిడికిలి బిగించి పొడవడానికి. కొడవలికి పదును లోపలి వంపులో ఉంటుంది. చెప్పులు కుట్టేవారి రంపెకు వెడల్పాటి ముందు అంచే పదును. పదునున్నదల్లా ఆయుధం కాదు.

రెండోది అరుగుదల. ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర పాత ఉలి ఉంటే చూడండి. సుత్తి దెబ్బలకు దాని తల విచ్చుకుని ఉంటుంది. మొన మొద్దుబారినప్పుడల్లా కాల్చి, సాగగొట్టి పదును పెడతారు కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ ఉలి పొట్టిదవుతుంది. కొయ్యపిడి చెయ్యి పట్టే చోట నునుపుదేలుతుంది. కొత్త సరుకును పాతదని అమ్మేవారు ఆమ్లంతో తుప్పు పట్టించగలరు. చేతి అరుగుదలను తేవడం కష్టం.

మూడోది తయారీ. చేత్తో సాగగొట్టిన ఇనుము మందం అంతటా ఒకేలా ఉండదు. సుత్తి జాడలు కనిపిస్తాయి. యంత్రంతో చేసినదానికి మందం సమంగా ఉంటుంది. తుప్పును ఉప్పుకాగితంతో రుద్దకండి, ఆ జాడలూ ముద్రలూ పోతాయి. భూమిలో దొరికిన పాత వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతోంది.

మన నంద్యాల జిల్లా జ్వాలాపురంలో, సుమారు 74,000 ఏళ్ల కిందట పడిన టోబా అగ్నిపర్వత బూడిదకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. వాటిని చేసినవారి పేర్లు తెలియవు. ఆ రాళ్లే వారి చరిత్ర.

మా జేజినాయన చెప్పులు కుట్టేవాడు. ఆయన పోయాక రంపె, ఆరె తూకానికి వేశాం. ఎమ్మే చరిత్రలో చేరాక గానీ ఏం పోగొట్టుకున్నామో నాకు తెలియలేదు. ఒక్క ఫొటో కూడా మిగల్లేదు. ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు మీరు అటక దించండి. పనిముట్టు పేరేమిటో, ఎవరు వాడారో, దేనికి వాడారో పెద్దలను అడిగి నోటుబుక్కులో రాసుకోండి. రాజుల కత్తులను కాపాడటానికి మ్యూజియాలున్నాయి. మన పెద్దల పనిముట్లకు మనమే దిక్కు.