అణాకో దోమకాటు, కల్లులో క్లోరల్

అమ్మవార్ల గుళ్లకు మెట్లెక్కి వెళ్లడం మామూలే. బల్కంపేటలో మాత్రం తల్లిని చూడాలంటే కిందికి తొంగి చూడాలి. రేణుకా ఎల్లమ్మ విగ్రహం నేల మట్టానికి సుమారు 10 అడుగుల దిగువన, బావిలో ఉంటుంది. అక్కడ ఊరే నీరే తీర్థం. తాగినా, ఒంటి మీద చల్లుకున్నా రోగాలు పోతాయని భక్తుల నమ్మకం. ఆషాఢంలో తొలి మంగళవారం కల్యాణం నాడు అమీర్‌పేట వైపు బండి తీసినవాడికి ఆ నమ్మకం ఎంత పెద్దదో చెప్పనక్కర్లేదు.

జంటనగరాల్లో అమ్మవారి కొలువుకీ రోగానికీ ఉన్న బంధం పాతదే. సికింద్రాబాద్ లష్కర్ బోనాల పుట్టుక 1813 నాటి మహమ్మారితో ముడిపడి ఉందని చెబుతారు. ఒంటి మీద పొక్కులు లేస్తే "అమ్మవారు పోసింది" అని వేపమండలు కట్టిన ఇళ్లు మన పెద్దవాళ్లకు గుర్తే. ఆ పొక్కుల్లో అన్నిటికన్నా భయంకరమైనది మశూచి. మన దేశంలో ఆఖరి కేసు 1975లో వచ్చింది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అది ఇక లేదని ప్రకటించింది. మనిషికొచ్చే జబ్బుల్లో ఇంతవరకు భూమ్మీద నుంచి పూర్తిగా పోయింది ఇదొక్కటే. జబ్బు పోయింది గానీ జాతర తగ్గలేదు, ఏటేటా పెరుగుతోంది.

రోగాల, మందుల రికార్డులు వెతికేవాడికి ఈ గుడి నుంచి ఆటో దూరంలో దొరికినన్ని ఇంకెక్కడా దొరకవని నా అనుమానం. కాకపోతే వాటిలో చాలావాటికి ఓ మెలిక ఉంది. ఇక్కడ జనాన్ని బతికించిన మందే, ఇంకో చేతిలో పడి జబ్బయి కూర్చుంది.

మందుల్లేని దవాఖాన

ముందు మందులే వద్దన్నవాళ్ల సంగతి. బల్కంపేట రోడ్డు మీద ప్రకృతి చికిత్సాలయం ఉంది. 1949లో డాక్టర్ వెంకటరావు మొదలుపెట్టారు. 1970లో దానికి తోడుగా కాలేజీ వచ్చింది. ప్రకృతి వైద్యానికి దేశంలో తొలి కాలేజీ అదే. మట్టి పట్టీలు, తొట్టి స్నానాలు, ఉప్పులేని కూరలు అక్కడి మందులు. మూడో రోజుకే ఆవకాయ కలలోకి వస్తుందని వెళ్లొచ్చినవాళ్లు అంటారు.

దీని వెనుక ఇంకో తొలి ఘనత ఉంది. జర్మనీకి చెందిన లూయీ కూనే రాసిన జలచికిత్స పుస్తకాన్ని 1894లోనే ద్రోణంరాజు వెంకటచలపతి శర్మ తెలుగులోకి తెచ్చారు. హిందీ, ఉర్దూ వాళ్లకు అది అందడానికి మరో పదేళ్లు పట్టింది. ఈ వైద్యం మనదేశంలోకి తెలుగు వాకిట్లోంచే వచ్చిందన్నమాట.

చెమటకు తుప్పుపట్టిన సూక్ష్మదర్శిని

గుడి దగ్గర ఆటో ఎక్కితే పది నిమిషాల్లో బేగంపేట. పాత విమానాశ్రయం దాపునే సర్ రొనాల్డ్ రాస్ పేరున్న పాత భవనం. సికింద్రాబాద్‌లో మద్రాసు పదాతిదళానికి వైద్యుడిగా ఉన్న ఈ దొర 1897 ఆగస్టు 20న, తాను కోసిన దోమ పొట్ట గోడలో నల్లటి రంగుపొడి ఉన్న గుండ్రటి కణాలను చూశాడు. మలేరియా క్రిమి దోమ ఒంట్లో పెరుగుతుందనడానికి లోకానికి దొరికిన మొదటి రుజువు అది. ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుకునేది అందుకే.

అంతకుముందు నెలల తరబడి ఆయన కోసినవన్నీ వేరే జాతి దోమలు. రెక్కల మీద మచ్చలున్న అనాఫిలిస్ చేతికి చిక్కాకే అసలు గుట్టు బయటపడింది. ఉక్కపోతలో పంఖా లాగించుకుందామంటే కోసిన దోమ ముక్కలు ఎగిరిపోతాయి. అందుకని గాలి లేకుండానే కూర్చునేవాడు. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయని, మిగిలిన ఒక్క కటకమూ పగిలిందని ఆయనే రాసుకున్నాడు. ఆ చెమటకు 1902లో నోబెల్ వచ్చింది. వైద్యంలో బ్రిటన్‌కు అదే మొదటి నోబెల్.

ఈ కథలో నాకు రాస్ కన్నా ఇష్టమైన మనిషి హుసేన్ ఖాన్. మలేరియా జ్వరంతో ఉన్న రోగి. దోమతెరలో పడుకుని దోమలతో కుట్టించుకుంటే ఒక్కో కాటుకు ఒక అణా ఇచ్చారు. ప్రపంచ వైద్య చరిత్రను తిప్పిన నెత్తురు ధర అంత! మనకేమో రాత్రంతా ఉచితం.

మలేరియా చరిత్రలోకి పోయిందని ఎవరైనా అంటే నమ్మకండి. 2023లో ప్రపంచమంతా కలిపి 26 కోట్లకు పైగా కేసులు, దాదాపు 6 లక్షల చావులు ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మనుషుల్ని చంపే జంతువుల్లో పులీ పామూ కాదు, దోమే మొదటిది. నగరంలో ఇప్పుడు ఎక్కువగా బెదిరించే డెంగీ దోమ పగటిపూట కుడుతుంది. రాత్రికి దోమతెర కట్టుకుని పగలు పూలకుండీల్లో నీళ్లు నిలవపెట్టుకుంటే లాభం లేదు. ఇక నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి అసలు పేరు కూడా రొనాల్డ్ రాస్‌దే. జనం మాత్రం కోరంటి దవాఖాననే అంటారు.

నిజాం ఖర్చుతో మత్తు పరీక్షలు

రాస్ కన్నా ముందే హైదరాబాద్ పేరు లండన్ వైద్య పత్రికలకెక్కింది. శస్త్రచికిత్సకు మత్తు ఇవ్వడానికి అప్పట్లో క్లోరోఫాం వాడేవారు. అది పీల్చిన కొందరు బల్ల మీదే ప్రాణం విడిచేవారు. ముందు ఆగేది గుండెనా, ఊపిరా? రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఊపిరే అని పట్టుబట్టాడు. నాడి చూడక్కర్లేదు, శ్వాస చూసుకుంటే చాలన్నాడు. తేల్చడానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చాడు. 1888లో ఒకటి, 1889లో ఇంకోటి, రెండు హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి. రెండోదానికి లాన్సెట్ పత్రిక తన తరఫున లాడర్ బ్రంటన్‌ను లండన్ నుంచి పంపింది. ఆ ఖర్చుకు నిజాం 1,000 పౌండ్లు ఇచ్చాడు. కుక్కలు, కోతులు, మేకలు వందల్లో మత్తులోకి వెళ్లి మళ్లీ లేవలేదు. లారీ మాటే గెలిచింది.

గెలిచింది గానీ నిలవలేదు. పలచగా క్లోరోఫాం పీల్చినప్పుడు గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోగలదని 1911లో లెవీ అనే శాస్త్రవేత్త పిల్లుల మీద చూపించాడు. అంత ధనం పోసి చేసినా తర్వాత తప్పని తేలిన పరీక్షల్లో హైదరాబాద్‌ది ముందు వరుస. అయినా ఆ పరీక్షల నీడలో ఓ నిజమైన రికార్డు దొరికింది. ఆ కమిషన్ పనిలో పాలుపంచుకున్న పార్సీ వైద్యురాలు రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చెబుతారు. 1909లో ఆమె పై చదువుకు ఎడిన్‌బరో వెళ్లింది.

సీసాలో నిద్రమందు

క్లోరోఫాంను తయారుచేసిన తొలి రసాయనవేత్తల్లో ఒకడు లీబిగ్. 1832లో ఆయనే క్లోరల్ హైడ్రేట్ చేశాడు. 1869లో లీబ్రైక్ దాన్ని నిద్రమందుగా వాడకంలోకి తెచ్చాడు. ఒంట్లోకి వెళ్లి అది క్లోరోఫాంగా మారుతుందని ఆయన ఊహ. ఊహ తప్పయినా నిద్ర మాత్రం వచ్చింది. కృత్రిమంగా తయారైన నిద్రమందుల్లో అదే మొదటిది. దవాఖానల్లో దాని పని దాదాపు అయిపోయింది. తెలంగాణ కల్లు దుకాణంలో మాత్రం "సీహెచ్" అనే ముద్దుపేరుతో బతికింది. దానికి తోడు మత్తు మాత్రల్లో వాడే డైజిపాం, ఇప్పుడు అల్ప్రాజోలం.

చెట్టు మీంచి దించిన ఈతకల్లుకు ఓ కట్టుబాటు ఉంది. పొద్దున తియ్యగా, మధ్యాహ్నానికి పుల్లగా, మర్నాటికి నోట పెట్టుకోలేనట్టు. చెట్లు తక్కువై సీసాలు ఎక్కువైన చోట ఆ లెక్క కుదరదు. నీళ్లలో శాక్రిన్, పైన మత్తుపొడి. నగరంలో 2004లో మూతపడిన దుకాణాలు 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. తాగేవాడు కల్లుకు అలవాటుపడ్డాననుకుంటాడు. ఒళ్లు అలవాటుపడింది అందులోని మత్తుమందుకు. మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనానికి ఈ మందులు బలమిస్తాయి. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే మెదడు కళ్లెం తెగిన గుర్రమే: చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, లేనివి కనపడతాయి, ఫిట్స్ వస్తాయి. అందుకే డాక్టర్లు ఈ మందును ఒక్కరోజులో ఆపరు, కొద్దికొద్దిగా తగ్గిస్తారు.

2015 సెప్టెంబరులో కల్తీ మీద దాడులు జరిగి సరుకు ఆగినప్పుడు తెలంగాణ పల్లెల్లో జరిగిందిదే. కల్లు తాగి కాదు, కల్లు దొరక్క జనం పిచ్చిగా ప్రవర్తించారు. ఆసుపత్రుల్లో వరసలు కట్టారు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం దాకా వచ్చారు. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు తాగినవాళ్లే పడిపోయారు. పలువురిని పంజగుట్ట నిమ్స్‌కు చేర్చారు, కొందరు దక్కలేదు. కల్లు నమూనాల్లో అల్ప్రాజోలం బయటపడింది. అదే ఏడాది సెప్టెంబరులో బోయిన్‌పల్లిలో ఓ ప్రైవేటు బడి భవనంలో అల్ప్రాజోలం తయారీ గుట్టును మత్తుమందుల నిరోధక ఈగల్ బృందం రట్టుచేసింది. ఓ పక్క ఎక్కాలు, ఇంకో పక్క మత్తు. వింతలు రాసేవాడు కూడా కల్పించడానికి సంకోచించే సంగతి.

భీమవరం నుంచి బోదకాలు దాకా

మందుల రికార్డుల్లో తెలుగువాడి పేరు ఒక్కటే చెప్పమంటే యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బు అన్నదమ్ముల్ని తినేసింది. తర్వాత అమెరికాలో ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం ఆ జబ్బుకే మందయింది. పిల్లల నెత్తుటి క్యాన్సర్ మీద మొదటిసారి పనిచేసిన అమినోప్టెరిన్, బోదకాలుకు ఇప్పటికీ ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర కూడా ఆయన ప్రయోగశాలవే. ఇంటి ముందు నిలబెట్టి మింగించినా నాలుక కింద దాచుకుని తర్వాత ఉమ్మేసేవాళ్లున్నారు. అది ఎవరి ఘనతో నాకు తెలుసు గానీ చెప్పను.

అమీర్‌పేట నుంచి న్యూయార్క్

తాడేపల్లి పసుపు రైతు కొడుకు అంజిరెడ్డి ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో కొలువు చేసి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. కంపెనీ కేంద్ర కార్యాలయం చాలా ఏళ్లు అమీర్‌పేటలోనే ఉండేది. 2001 ఏప్రిల్ 11న న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజికి ఎక్కింది. జపాన్‌ను మినహాయిస్తే ఆసియా–పసిఫిక్ నుంచి అక్కడికెక్కిన మొదటి మందుల కంపెనీ. దాని ఓమెజ్ గోలీ తెలియని హాస్టల్ కుర్రాడు ఈ సందుల్లో ఉండడు.

సాయంత్రం ఏడింటికి కోచింగ్ క్లాసులు వదిలాక ఇక్కడి ఏ మెడికల్ షాపు ముందు నిలబడ్డా సరిపోతుంది. "అన్నా, జరం గోలీలు ఇయ్యి." "ఎప్పటి సంది?" "నిన్నటి సంది." కత్తెర కదులుతుంది. నాలుగు రంగుల్లో నాలుగు ముక్కలు, పొట్లం కట్టి ఇరవై రూపాయలు. ఏ ముక్క మీదా పేరు లేదు, గడువు తేదీ లేదు. ఒకటి యాంటీబయాటిక్, జ్వరమేమో వైరస్‌ది. మూడు పూటలు వేసుకుని తగ్గిందని మిగతాది బ్యాగులో పడేస్తాడు. చావని సూక్ష్మజీవులు ఆ మందుకు రాటుదేలతాయి. 2010 లెక్కల్లో యాంటీబయాటిక్స్ అందరికన్నా ఎక్కువ మింగిన దేశం మనదే.

అదే రోడ్డు, పాతిక కిలోమీటర్లు

అమీర్‌పేట, ఎర్రగడ్డల మీదుగా పోయే ముంబయి హైవే పట్టుకుంటే సుమారు పాతిక కిలోమీటర్లలో పటాన్‌చెరు. అక్కడ 90 దాకా మందుల కంపెనీల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్‌కు చెందిన లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్. ఆ మందు వాడుతున్న రోగి నెత్తుట్లో కూడా అంత ఉండదు. అప్పటిదాకా ప్రపంచంలో ఏ మురుగులోనూ మందులు అంత మోతాదులో కనపడలేదు. ఒక్కరోజులో ఆ కాలువ మోసిన సిప్రో స్వీడన్ దేశమంతటికీ ఐదు రోజులు సరిపోతుందని లెక్కకట్టారు.

ఫ్యాక్టరీ నీళ్లలో యాంటీబయాటిక్ ఎంత దాటకూడదో చెబుతూ 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా విడుదలచేసింది. అలాంటి హద్దు ప్రపంచంలో మనమే మొదట పెడుతున్నామని అప్పుడు పేరొచ్చింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చింది. అందులో ఆ అంకెలు లేవు.