తక్కువ ఖర్చుతో కస్టమ్ బైక్: ముందు ఆర్సీ చూడండి

పాత బైక్ కొని నచ్చినట్టు తయారు చేసుకోవాలన్నది చాలామంది కుర్రాళ్ల చిన్ననాటి కల. వడ్డీ అప్పు లేకుండా, నెలనెలా దాచుకుని కూడా చేసుకోవచ్చు. అయితే ఇంజన్, ఛాసిస్ నంబర్లు ఆర్సీతో సరిపోయాకే బండి కొనండి. మొదటి ఖర్చు బ్రేకులు, టైర్లు, చైన్ మీద పెట్టండి. సీటు, పెయింట్ తర్వాత చూసుకోవచ్చు. రంగు మారిస్తే ఆర్సీలో రాయించాలి.

ఛాసిస్ కోయించడం, ఇష్టమొచ్చినట్టు మార్చడం మాత్రం వద్దు. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. అతిక్రమిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

చెవులు పగిలే సైలెన్సర్‌కు పెట్టే డబ్బుతో మంచి హెల్మెట్ కొనండి. ఇంట్లో అమ్మీకి నిశ్చింత.